ఎకరం జాగలోని చెక్క కోటకు ఇంత గుర్తింపు ఎందుకు? (ఒహాయో, ఫోర్ట్ స్టీఫెన్సన్)

మట్టికోట వాసి:

అందరికీ నమస్తే. మాది ఖిలా వరంగల్ దగ్గర శివనగర్. మా తమ్ముడు అమెరికాలోని టోలెడోలో (ఒహాయో రాష్ట్రం) ఉంటాడు. మొన్న ఫ్రీమాంట్ అనే చిన్న ఊరికి పోయి, అక్కడి లైబ్రరీ ముందు పెట్టిన ఒక ఫిరంగి ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. ఫిరంగి అంటే గోల్కొండ మీద ఉన్నంతది అనుకునేరు, కాదు, ఆరు పౌన్ల గుండు పేల్చే మామూలుది. దానికి ముద్దుపేరు కూడా ఉందట, ఓల్డ్ బెట్సీ. పక్కనే పెద్ద స్తంభం, దాని పాదం దగ్గర జార్జ్ క్రోగన్ అనే మేజర్ సమాధి.

"ఇక్కడ ఒకప్పుడు ఫోర్ట్ స్టీఫెన్సన్ అని కోట ఉండేదన్నా, 1813లో ఇంగ్లీషోళ్ల సైన్యాన్ని ఆపింది" అని రాశాడు. మరి కోట ఏదిరా అంటే, చెక్కతో కట్టింది, ఎప్పుడో పోయింది, ఆ జాగలోనే లైబ్రరీ కట్టారు అన్నాడు. తర్వాత నేనే కూర్చొని కొంచెం చదివాను. కోట మొత్తం ఎకరం ఉంటుందేమో. లోపల ఉన్నది 160 మంది. జరిగింది రెండు రోజుల యుద్ధం, అందులో అసలు దాడి ఒక సాయంత్రమే. అమెరికా వైపు చనిపోయింది ఒక్కరు. దీనికి బంగారు పతకం, స్తంభం, పార్కు, ఆఖరికి ఆ మేజర్ అస్థికలను వేరే రాష్ట్రం నుంచి తెచ్చి మళ్లీ పూడ్చడం!

మన కోట సంగతి మీకు తెలుసు. మట్టిగోడ, దాని లోపల రాతికోట, నాలుగు తోరణాలు, ఇప్పటికీ లోపల కాపురాలు, పొలాలు. 1310లో మాలిక్ కాఫర్ దండు వస్తే మట్టిగోడ పోయినా రాతిగోడ దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది, ప్రతాపరుద్రుడు సంధి చేసుకున్నాడు. 1323లో ఉలుగ్ ఖాన్ చేతికి పోయింది. ఇంత కథ ఉన్నా మా గల్లీ పిల్లలను అడిగితే సౌండ్ అండ్ లైట్ షో టికెట్ ఎంతో చెప్తారు కానీ ఏ ఏడు ఏం జరిగిందో చెప్పలేరు.

అడిగేది ఏమిటంటే, 160 మందితో అది ఎలా నిలబడింది, నిజంగా అంత పెద్ద విషయమా, లేక చరిత్ర తక్కువున్న దేశం కాబట్టి దొరికిందాన్నే పెద్దది చేసుకున్నారా? తెలిసినవాళ్లు చెప్పండి.

హన్మకొండ టు కొలంబస్:

అన్నా, నేను ఆ పార్కుకు వెళ్లాను, మా పిల్లవాడి స్కూల్ ప్రాజెక్టు పుణ్యమా అని దీని గురించి కాస్త చదివాను కూడా. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు అప్పటి పరిస్థితి చూడాలి. 1812 జూన్‌లో అమెరికా బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది. రెండు నెలలు తిరగకముందే జనరల్ హల్ డెట్రాయిట్ కోటను పోరాడకుండానే అప్పగించేశాడు. 1813 జనవరిలో రైజిన్ నది దగ్గర ఇంకో ఘోరమైన దెబ్బ. అంటే ఆ వాయవ్య సరిహద్దులో అమెరికావాళ్లకు చెప్పుకోవడానికి మంచి వార్త లేదు. బ్రిటిష్ జనరల్ హెన్రీ ప్రాక్టర్ ఫోర్ట్ మేగ్స్ అనే పెద్ద కోట మీదికి మేలో ఒకసారి, జూలైలో ఇంకోసారి వచ్చాడు, రెండుసార్లూ కుదరలేదు. ఉత్త చేతులతో తిరిగి వెళ్లలేక సాండస్కీ నది మీద ఉన్న ఈ చిన్నదాని వైపు తిరిగాడు. నది ఈరీ సరస్సులో కలుస్తుంది కాబట్టి తుపాకీ పడవలు నేరుగా కోట దగ్గరి దాకా వస్తాయి. పైగా నదికి ఎగువన ఫోర్ట్ సెనెకా దగ్గర అమెరికా జనరల్ విలియం హెన్రీ హారిసన్ దండు ఉంది. ఈయనే 1841లో ప్రెసిడెంట్ అయినాయన.

హారిసన్‌కు ఈ కోట మీద నమ్మకం లేదు. కోటను తగలబెట్టి వచ్చేయమని జూలై 29 రాత్రి కోట బాధ్యత చూస్తున్న క్రోగన్‌కు ఉత్తరం పంపాడు. తెచ్చినవాళ్లు దారి తప్పి మర్నాడు చేరారు, అప్పటికే చుట్టుపక్కల అడవిలో శత్రువులు తిరుగుతున్నారు. క్రోగన్ వయసు అప్పటికి 21. మీ ఉత్తరం ఆలస్యంగా అందింది, మేం ఈ చోటును కాపాడాలనే నిర్ణయించుకున్నాం, దేవుడి సాక్షిగా కాపాడగలం అని తిరిగి రాశాడు. హారిసన్‌కు కోపం వచ్చి, అతన్ని పదవి నుంచి తీసేసి పిలిపించాడు. క్రోగన్ వెళ్లి, ఉత్తరం దారిలో శత్రువుకు దొరికినా మేం భయపడుతున్నట్టు ఉండకూడదని అంత గట్టిగా రాశాను అని చెప్పుకుంటే, మర్నాడు మళ్లీ అదే పదవిలో వెనక్కి పంపారు. నాకైతే యుద్ధం కన్నా ఈ ఉత్తరాల కథే బాగుంటుంది. కింది ఆఫీసర్ పై ఆఫీసర్ మాట కాదని రాసి కూడా బతికి బట్టకట్టడం మన దగ్గర ఏ డిపార్ట్‌మెంటులో చూశాం?

ఇక యుద్ధం. ఆగస్టు 1న ప్రాక్టర్ వచ్చాడు. వందల మంది రెగ్యులర్ సైనికులు (ముఖ్యంగా 41వ రెజిమెంట్), వాళ్లతో చాలామంది స్థానిక తెగల యోధులు. వాళ్లలో పెద్ద నాయకుడు, షానీ తెగకు చెందిన టెకమ్సే మాత్రం ఇక్కడ లేడు, ఫోర్ట్ మేగ్స్ నుంచి సాయం రాకుండా వేరే దారి కాస్తున్నాడు. లొంగిపొమ్మన్నారు, వీళ్లు పొమ్మన్నారు. అప్పుడు పడవల మీది నుంచి, ఒడ్డు మీది నుంచి ఫిరంగులు మొదలయ్యాయి. కోటలో ఉన్నది ఒకటే ఫిరంగి, అదే బెట్సీ. దాన్ని ఒక చోటు నుంచి ఇంకో చోటుకు లాక్కెళ్లి పేల్చారు, బయటివాళ్లకు చాలా ఫిరంగులు ఉన్నట్టు అనిపించాలని. తర్వాత శత్రువు గుళ్లన్నీ వాయవ్య మూల మీదే పడుతున్నాయని గమనించి, అక్కడ దుంగల గోడకు ఇసుక మూటలు, పిండి బస్తాలు పేర్చారు. బెట్సీని ఆ మూలలోని కందకం పొడవునా పేల్చగలిగేట్టు ఒక చెక్క బురుజులో దాచి, బయటికి కనబడకుండా మూసేసి, ఒక్క పెద్ద గుండుకు బదులు చిన్న గుండ్లు, లోహపు ముక్కలు కూరి పెట్టారు.

ఆగస్టు 2 సాయంత్రం పొగ చాటున లెఫ్టినెంట్ కల్నల్ షార్ట్ నాయకత్వంలో సైనికులు ఆ మూలకే వచ్చి కందకంలోకి దిగారు. నిచ్చెనలు లేవు. గొడ్డళ్లు మొద్దుబారినవి. వాళ్లు దిగి గోడ నరకడం మొదలుపెట్టగానే బురుజు కిటికీ తెరుచుకుంది, చాలా దగ్గర నుంచి బెట్సీ పేలింది. షార్ట్ అక్కడే చనిపోయాడు. దక్షిణం వైపు నుంచి రావాల్సిన ఇంకో దండు ఆలస్యంగా వచ్చి అదీ వెనక్కి పోయింది. మొత్తం మీద చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, కనబడకుండా పోయినవాళ్లు కలిపి బ్రిటిష్‌వాళ్లకు వంద మంది దాకా నష్టం, లోపల ఒకరు చనిపోయి ఏడుగురు గాయపడ్డారు. రాత్రికి రాత్రే ప్రాక్టర్ పడవలెక్కి వెళ్లిపోయాడు.

ఒక విషయం మరిచిపోకుండా రాయాలి. ఆ రాత్రి కందకంలో దాహంతో మూలుగుతున్న బ్రిటిష్ గాయాలవాళ్లకు లోపలివాళ్లు గోడ మీది నుంచి బకెట్లతో నీళ్లు దించారు. బయటికి వచ్చే ధైర్యం లేదు, అయినా నీళ్లు పంపారు. తలుపు తీయకుండానే గోడ కింద సందు తవ్వి, పాకగలిగినవాళ్లను లోపలికి తీసుకున్నారు.

తర్వాత సెప్టెంబర్ 10న అమెరికా నౌకాదళ అధికారి పెర్రీ ఈరీ సరస్సు మీద బ్రిటిష్ నౌకలను ఓడించడం, అక్టోబర్ 5న కెనడాలో జరిగిన థేమ్స్ యుద్ధంలో టెకమ్సే చనిపోవడం, ఇవన్నీ అయ్యాయి. కాబట్టి ఈ కోట వల్లే యుద్ధం గెలిచారు అనడం అబద్ధం. ఏడాది పాటు చెడ్డవార్తలే విన్న జనానికి ఇది మొదటి మంచివార్తల్లో ఒకటి, అంతే.

చార్‌బౌళి చౌరస్తా:

ఫిరంగి కథ ఎవరూ చెప్పలేదా? ఆ ఊరి పాత పేరు లోయర్ సాండస్కీ. సాండస్కీ పేరుతో అక్కడ చాలా ఊళ్లున్నాయి, ఉత్తరాలన్నీ తారుమారు అవుతున్నాయని 1849లో ఫ్రీమాంట్ అని మార్చుకున్నారు. బెట్సీ యుద్ధం తర్వాత ప్రభుత్వ ఆయుధశాలకు పోయింది. 1850ల మొదట్లో మా ఫిరంగి మాకివ్వండి అని ఫ్రీమాంట్‌వాళ్లు అడిగితే సర్కారు ఒప్పుకొని పంపింది. ఎక్కడికి? సాండస్కీకి! ఆ ఊరివాళ్లు ఇచ్చేది లేదని దాన్ని మట్టిలో పూడ్చి దాచిపెట్టారని, ఫ్రీమాంట్ మేయర్ వెతికించి పట్టుకొచ్చాడని అక్కడ చెప్పుకుంటారు. పక్క ఊరి ఫిరంగిని పూడ్చిపెట్టే పట్టుదల చూస్తే వీళ్లు మనవాళ్లే అనిపించింది నాకు 😄

పాత హిస్టరీ లెక్చరర్:

కొలంబస్ బాబు యుద్ధం బాగా చెప్పాడు. నేను రెండో ప్రశ్నకు వస్తాను, ఎందుకింత జ్ఞాపకం అనేదానికి. "చరిత్ర తక్కువున్న దేశం" అనే మాట నాకు నచ్చలేదు. వాళ్ల నేల మీద చరిత్ర తక్కువేమీ కాదు, ఎవరి చరిత్రను లెక్కపెట్టారన్నదే ప్రశ్న. దాని మీద ఇంకెవరైనా రాస్తారనుకుంటాను.

జ్ఞాపకం తనంతట తాను నిలబడలేదు. క్రోగన్‌కు కాంగ్రెస్ బంగారు పతకం ఇవ్వాలని తీర్మానించింది 1835లో. యుద్ధమైన 22 ఏళ్లకు! ఆ మధ్యలో కోట పాడైపోయింది, జాగ ఇళ్ల కిందికి పోతోంది. క్రోగన్ 1849లో న్యూ ఆర్లియన్స్‌లో కలరాతో చనిపోయాడు. ఆయన మేనమామలిద్దరూ కూడా పేరున్నవాళ్లే, ఒకరు జార్జ్ రోజర్స్ క్లార్క్, ఇంకొకరు లూయిస్‌తో కలిసి పసిఫిక్ దాకా నడిచిన విలియం క్లార్క్. ఇంత బలగం ఉన్న మనిషినే దేశం చాలా ఏళ్లు మరిచిపోయింది.

మలుపు ఎక్కడ వచ్చిందంటే ఆ ఊళ్లో సార్డిస్ బర్చర్డ్ అనే డబ్బున్న వ్యాపారి ఉండేవాడు. ఆయన మేనల్లుడు రదర్‌ఫర్డ్ హేస్, 1877లో అమెరికా ప్రెసిడెంట్ అయ్యాడు, ఇల్లు ఫ్రీమాంట్‌లోనే. బర్చర్డ్ ఊరికి గ్రంథాలయం కోసం డబ్బిచ్చాడు. దాన్ని ఎక్కడో కట్టకుండా కోట ఉన్న జాగను ఊరి సొత్తు చేసి, 1878 నాటికి అక్కడే కట్టారు. 1885లో సైనికుల స్తంభం. 1906 ఆగస్టు 2న, అంటే దాడి జరిగిన తేదీనే, కెంటకీలోని కుటుంబ తోట నుంచి క్రోగన్ అస్థికలు తెచ్చి స్తంభం దగ్గర పూడ్చారు.

నా అభిప్రాయం ఒకటి. ఆ మొత్తంలో తెలివైన పని స్తంభం కాదు, లైబ్రరీ. స్తంభం దగ్గరికి ఏడాదికి ఒకసారి దండ వేయడానికి వస్తారు. లైబ్రరీకి పిల్లలు సాయంత్రం హోంవర్కుకు వస్తారు, ఫిరంగి పక్కనుంచే లోపలికి పోతారు. మన ఖిలా వరంగల్‌లో జనం కోట లోపలే బతుకుతున్నారు కదా, వాళ్లకు పనికొచ్చేది ఒక్కటి, కనీసం ఒక చదువుకునే గది, తోరణాల చుట్టుపక్కల నియమాలు ఒప్పుకునే చోట ఎందుకు ఉండకూడదు? ఆ గది గోడ మీద 1310, 1323 అని రాసి కింద నాలుగు మాటలు ఉంటే మీ గల్లీ పిల్లలు టికెట్ ధరతో పాటు అదీ చెప్తారు.

ములుగు రోడ్:

సార్ వదిలేసిన దగ్గర నేను పట్టుకుంటాను, ఎందుకంటే ఇందాకటి నుంచి చూస్తున్నా, అమెరికావాళ్లు, బ్రిటిష్‌వాళ్లు అంటున్నారే కానీ ఆ నేల ఎవరిదో ఒక్కరు రాయలేదు. "స్థానిక తెగల యోధులు" అని ఒక్క ముక్కలో దాటేశారు.

లోయర్ సాండస్కీ వయాండాట్ జనం ఊరు. కోట రాకముందు అక్కడ వాళ్ల ఇళ్లు, మొక్కజొన్న చేలు. 1795లో గ్రీన్‌విల్ ఒప్పందంలో ఒహాయోలో చాలా భాగం పోయింది, వాళ్లకు మిగిలిన భాగంలో కూడా అక్కడక్కడ ముక్కలు అమెరికాకు రాసివ్వాల్సి వచ్చింది, సాండస్కీ నది దిగువ జలపాతాల దగ్గర రెండు మైళ్ల చదరపు ముక్క వాటిలో ఒకటి. మీ ఫోర్ట్ స్టీఫెన్సన్ లేచింది అక్కడే.

ఇంకా బాధ కలిగించేది ఏమిటంటే వయాండాట్‌లందరూ బ్రిటిష్ వైపు లేరు. తార్హే అనే పెద్దాయన, గ్రీన్‌విల్ ఒప్పందం మీద గుర్తు పెట్టినవాడు, మాట ఇచ్చాం కదా అని అమెరికా పక్షానే నిలబడ్డాడు, డెబ్బై దాటిన వయసులో హారిసన్ వెంట థేమ్స్ యుద్ధానికి కూడా పోయాడు. ఫలితం? 1817లో ఇంకో ఒప్పందం, ఇంకొంత భూమి పాయె. 1830లో ఇండియన్ రిమూవల్ చట్టం. 1843 జూలైలో అదే నదికి ఎగువన ఉన్న అప్పర్ సాండస్కీ నుంచి ఆరు వందల పైచిలుకు మంది బండ్లు కట్టుకొని, సిన్సినాటి దాకా పోయి పడవలెక్కి, కాన్సాస్‌కు వెళ్లిపోవాల్సి వచ్చింది. ఒహాయో నుంచి పంపేసిన ఆఖరి తెగ వాళ్లే. ఎదురు తిరిగినవాళ్లకూ, తోడు నిలిచినవాళ్లకూ ఒకటే గతి.

మనకు ఇది అర్థం కాకపోతే ఎవరికి అర్థమవుతుంది? ఓరుగల్లులో తోరణం కాకతీయులది, మన రాష్ట్ర చిహ్నంలో పెట్టుకున్నాం, బాగుంది. మేడారంలో రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జనం గుమిగూడేది ఆ కాకతీయ దండు మీదే తిరగబడి ప్రాణాలు వదిలిన సమ్మక్క, సారలమ్మల కోసం. మధ్యలో వంద కిలోమీటర్లు. పొద్దున తోరణం దగ్గర ఫోటో దిగి, రాత్రికి గద్దె దగ్గర బెల్లం పెట్టే మనిషిని నేనే, నాకు రెండూ కావాలి. మన దగ్గర గెలిచినోళ్ల రాయి, ఓడినోళ్ల జాతర రెండూ బతికే ఉన్నాయి. ఫ్రీమాంట్‌లో రాయి ఒక్కటే ఉంది, జాతర చేసుకునేవాళ్లను కాన్సాస్‌కు తోలేశారు.

మట్టికోట వాసి:

ములుగు రోడ్ అన్నా, నిజమే, ఆ వైపు నేను ఆలోచించలేదు. అయినా ఒకటి అడుగుతా. కోట లోపల ఉన్న 160 మందికి ఇవేమీ సంబంధం లేదు కదా? వాళ్లు సైనికులు, నిలబడమంటే నిలబడ్డారు, బయటివాళ్లకు నీళ్లు కూడా ఇచ్చారు. వాళ్లను గుర్తుపెట్టుకోవడంలో తప్పేముంది?

ములుగు రోడ్:

తప్పని నేను అనలేదు. నిలబడమంటే కాదు, వదిలేసి రమ్మంటే కూడా నిలబడ్డారు, అది ఇంకా గొప్ప. స్తంభం తీసేయమని అనడం లేదు, దాని పక్కన ఒక రాయి తక్కువైంది అంటున్నా. అసలు మంచివార్త కూడా ఒకటుంది చూడండి. 1824లో అప్పర్ సాండస్కీలో వయాండాట్‌ల కోసం కట్టిన మిషన్ చర్చి, దాని స్మశానం, సుమారు మూడెకరాల జాగ, 2019 సెప్టెంబర్‌లో మెథడిస్ట్ చర్చివాళ్లు ఇప్పుడు ఓక్లహామాలో ఉన్న వయాండాట్ నేషన్‌కు, అంటే ఆ తెగకే, తిరిగి రాసిచ్చారు. పోయేటప్పుడు వాళ్లు తమ పెద్దల సమాధులను నమ్మి అప్పగించిన జాగ అది. 176 ఏళ్లకు వెనక్కి వచ్చింది. వాళ్ల మనుషులు వచ్చి తీసుకున్నారు. నన్నడిగితే ఆ నది మీద చూడాల్సిన స్మారకం అది కూడా.

చేర్యాల పోరడు:

మీరంతా అమెరికా దాకా పోయారు, ఇంటి పక్కన బైరాన్‌పల్లి బురుజు ఎవరికీ గుర్తు రాలేదా? 2016 దాకా మనం వరంగల్ జిల్లానే, ఇప్పుడు సిద్దిపేట.

చిన్న కోటను కాపాడటం అంటే ఏమిటో ఆ ఊరిని అడగండి. జీతం తీసుకునే సిపాయిలు కాదు, రైతులు, కూలీలు. ఊరి నడుమ బురుజు మీద కాపలా పెట్టి, రజాకార్లు కనబడితే నగారా కొట్టి ఊరిని లేపేవాళ్లు. ముందు వచ్చిన దాడులను తిప్పికొట్టారు కూడా. 1948 ఆగస్టు 27న తెల్లారకముందే రజాకార్లు నిజాం సైన్యాన్ని, ఫిరంగిని వెంటబెట్టుకొని వచ్చారు. ఈసారి బురుజు ఆగలేదు. పట్టుకున్నవాళ్లను వరసలో నిలబెట్టి కాల్చారు. సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, అంటే ఇంకో పదిహేడు రోజులు ఆగితే చాలు. మా తాత తరంవాళ్లు ఆ మాట చెప్పేటప్పుడు ప్రతిసారీ అక్కడే ఆగేవాళ్లు, ఇంకో పదిహేడు రోజులు అని.

నాకు క్రోగన్ కథలో కనబడేది అదృష్టం. ప్రాక్టర్ దగ్గర నిచ్చెనలుండి, గొడ్డళ్లకు పదునుంటే 21 ఏళ్ల ఆ మేజర్ పేరు "ఆర్డర్ వినక 160 మందిని చంపించినవాడు" అని పుస్తకాల్లో ఉండేది. బైరాన్‌పల్లివాళ్లకు ఆ అదృష్టం లేదు, ధైర్యం తక్కువై కాదు. మరి ఓడిన బురుజుకు ఫిరంగి పెట్టి పార్కు చేస్తారా ఎవరైనా? ఇక్కడ అమరుల స్తూపం ఉంది, ఆగస్టు 27న నివాళి జరుగుతుంది, అది కాదనను. మిగతా రోజుల్లో ఆ బురుజు వానకు తడిసి ఎండకు ఎండుతూ ఉంటుంది. లెక్చరర్ సార్ చెప్పిన చదువుకునే గది ముందు అక్కడ కట్టాలి.

పాత హిస్టరీ లెక్చరర్:

చేర్యాల బాబూ, గెలుపు ఓటముల గురించి నువ్వన్నది ఒప్పుకుంటాను, కానీ క్రోగన్‌ది అదృష్టమే అంటే ఒప్పుకోను. ఉన్న ఒక్క ఫిరంగిని ఎక్కడ దాచాలి, దాడి ఏ మూలకు వస్తుంది అన్నది ముందే పసిగట్టాడు, పిండి బస్తాలు అక్కడే పేర్పించాడు. నిచ్చెనలు తేకపోవడం ప్రాక్టర్ తప్పు, ఆ తప్పు కోసం కందకం పక్క బురుజులో ఫిరంగి పెట్టి కాచుకొని కూర్చోవడం క్రోగన్ పని. బైరాన్‌పల్లిలో తేడా తెచ్చింది ఫిరంగి. ఒహాయోలో లోపలివాళ్ల చేతిలో కూడా ఒకటి ఉంది, ఇక్కడ బయటివాళ్ల చేతిలోనే ఉంది. ఆ తేడాను ధైర్యంతో కొలవకూడదు, అక్కడ మనిద్దరిదీ ఒకే మాట.

హన్మకొండ టు కొలంబస్:

మట్టికోట అన్నా, తమ్ముడు మళ్లీ ఆ వైపు పోతే ఇలా చెప్పండి. పొద్దున ఫ్రీమాంట్‌లో బెట్సీని, స్తంభాన్ని చూసి, స్పీగల్ గ్రోవ్‌లో హేస్ ఇల్లు, మ్యూజియం చూడమనండి. మధ్యాహ్నం దక్షిణానికి కారులో గంట లోపే అప్పర్ సాండస్కీ, అక్కడ ములుగు రోడ్ చెప్పిన మిషన్ చర్చి. టోలెడో దగ్గరే పెర్రీస్‌బర్గ్‌లో ఫోర్ట్ మేగ్స్‌ను మళ్లీ దుంగలతో కట్టి పెట్టారు, స్టీఫెన్సన్ గోడ ఎలా ఉండేదో అక్కడ చూస్తే తెలుస్తుంది. చలికాలం మాత్రం వద్దు, సరస్సు గాలికి నిలబడలేరు.

మట్టికోట వాసి:

థాంక్స్ అన్నా, వాడికి ఫార్వర్డ్ చేశాను, చర్చి దగ్గర ఫోటోలు తీసి పంపమన్నాను. చేర్యాల తమ్ముడూ, ఈ ఆగస్టు 27న మేం నలుగురం శివనగర్ నుంచి బండ్ల మీద బైరాన్‌పల్లి వద్దామనుకుంటున్నాం. ఆ రోజు బురుజు పైకి ఎక్కనిస్తారా, కిందనుంచే చూడాలా?

చేర్యాల పోరడు:

రండి అన్నా. పైకి ఎక్కే సంగతి ఊళ్లో పెద్దమనుషులను అడిగి చెప్తాను, వానకు మెట్లు జారుతాయి. పొద్దున తొందరగా రండి, సభ మొదలైతే మైకుల సౌండ్‌లో ఎవరితోనూ మాట్లాడలేరు. అప్పటి సంగతులు ఇంట్లో విని పెరిగిన ముసలాయన ఒకరున్నారు మా వాడకట్టులో, ముందే చెప్పి పెడతాను.